ముందు నీ పనిని కొలుచుకో

రెండు నెలల జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో నేను కొన్న మొదటి సాధనం డిజిటల్ కాలిపరు. పాలకొల్లులో కాలవగట్టు మీది ఒక లేతు షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజులవి. చిన్న తెర మీద రెండు దశాంశాల దాకా అంకెలు మెరుస్తుంటే, ఇక నాకు అందని కొలత లేదనుకున్నాను.

ఆ వారమే ఒక రొయ్యల రైతు ఎయిరేటరు షాఫ్టు పట్టుకొచ్చాడు. బేరింగు కూర్చునే చోటు అరిగిపోయింది. వెల్డింగు పోసి, టర్నింగు చేసి, తిరిగి 25 మిల్లీమీటర్లకు తేవాలి. బేరింగు నంబరు 6205. జాగ్రత్తగానే చేశాను. తెర మీద 25.01 కనిపించింది. బేరింగు చేత్తో తోస్తే చాలు, ఉంగరంలా జారి కూర్చుంది. పని సులువుగా అయిపోయిందని సంబరపడ్డాను.

పది రోజులకు ఆ షాఫ్టే తిరిగొచ్చింది. బేరింగు లోపలి రింగు షాఫ్టు మీద తిరిగి తిరిగి సీటును తినేసింది. "అర్ధరాత్రి ఆగిపోయిందండి. పక్క చెరువు వాళ్లని బతిమాలి ఎయిరేటరు తెచ్చుకోబట్టి సరిపోయింది. లేకపోతే తెల్లారేసరికి పంట మొత్తం తేలిపోయేదండి" అన్నాడు రైతు. చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామునే. ఆ వేళ ఎయిరేటరు ఆగితే రైతుకు ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు.

మేస్త్రీగారు నన్ను తిట్టలేదు. తన సొరుగులోంచి ఒక చిన్న ఉక్కు కడ్డీ తీశారు. ఆయన పాత మైక్రోమీటరుతో పాటు వచ్చిన కడ్డీ అది. పొడవు సరిగ్గా 25 మిల్లీమీటర్లు.

"ఏరా, నీది దవడలు మూస్తే సున్నా చూపిస్తోందా?"

"చూపిస్తోందండి."

"అయితే దీన్ని కొలువు."

కొలిచాను. 25.04 అని చూపించింది. అంటే నేను 25.01 అనుకున్న షాఫ్టు నిజానికి 24.97.

ఏదైనా కొద్దిలో తప్పిపోతే 'వెంట్రుకవాసిలో తప్పింది' అంటాం. మన పనిలో వెంట్రుక చాలా లావు వస్తువు. తల వెంట్రుక మందం సుమారుగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. నా తప్పు అంత కూడా లేదు. అయినా ఒక రైతు పంట ప్రమాదంలో పడింది.

ఐటీఐలో టర్నరో మెషినిస్టో కోర్సు ముగించి ఇప్పుడిప్పుడే షెడ్డులో అడుగుపెడుతున్న తమ్ముడూ, చెల్లెమ్మా, ఈ మాటలు మీకోసమే. చేతిలో డబ్బు తక్కువ. కొనాల్సినవి ఎక్కువ. ఏది కొనాలి, ఏది ఆపాలి, చవకలో మోసపోకుండా ఎలా ఉండాలి? ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉండి నేను తెలుసుకున్నది ఒక్కటే. సాధనం కొనే ముందు నీ పనిని కొలుచుకోవాలి. ఆ కొలత తెలిసినవాడికి తక్కువ డబ్బు చాలు.

నెల రోజులు పుస్తకం రాయి

మొదటి నెల ఏమీ కొనకు. పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనుక్కో. షెడ్డులోకి వచ్చిన ప్రతి జాబుకూ మూడు సంగతులు రాయి: ఏ వస్తువు, ఏ సైజు, ఎంత కచ్చితంగా కావాలి.

పాలకొల్లు చుట్టుపక్కల షెడ్లకు వచ్చే పని ఏమిటో నీకు తెలుసు. రొయ్యల చెరువుల ఎయిరేటర్లు, నీళ్ల పంపులు, రైసు మిల్లుల షాఫ్టులు, పుల్లీలు, నరసాపురం వైపు నుంచి వచ్చే పడవ ఇంజన్లు, ట్రాక్టరు బుష్‌లు. నెల తిరిగేసరికి నీ పుస్తకంలో కొన్ని సైజులు పదే పదే కనబడతాయి. అవే నీకు దారి చూపిస్తాయి.

బేరింగు నంబరులోనే సైజు దాగి ఉంటుంది. 04, ఆ పైన ఉన్న నంబర్లలో చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి కన్నం సైజు వచ్చేస్తుంది. 6204కి 20, 6205కి 25, 6206కి 30, 6207కి 35 మిల్లీమీటర్లు. ఇవన్నీ నీ పుస్తకంలో వరసగా పడ్డాయనుకో. అప్పుడొక సంగతి బయటపడుతుంది. కొత్తవాళ్లకు అందరూ చెప్పే సలహా '0–25 మైక్రోమీటరు కొనుక్కో' అని. కానీ 6205 సీటు 25 మిల్లీమీటర్లకు రవ్వంత పైనే ఉండాలి. 6206, 6207 సంగతి సరేసరి. నీ షెడ్డులో ఆ పనే ఎక్కువైతే నువ్వు మొదట కొనాల్సింది 25–50 మైక్రోమీటరు. దాంతో పాటు 25 మిల్లీమీటర్ల ప్రమాణ కడ్డీ కూడా వస్తుంది. మేస్త్రీగారి సొరుగులో ఉన్నది అలాంటిదే. అదే పక్క షెడ్డులో చిన్న పిన్నులు, బుష్‌లు ఎక్కువగా చేస్తుంటే వాళ్లకు 0–25 సరైనది.

ఊరంతా కొన్నది కొంటే ఊరందరి అవసరం నీ పెట్టెలో చేరుతుంది. జీవితంలో చదువుకైనా ఉద్యోగానికైనా ఇల్లు కట్టడానికైనా వర్తించే మాట ఇది. తన అవసరం తనకు స్పష్టంగా తెలిసినవాడు బజార్లో తడబడడు.

కనిపించే అంకె, నిలబడే నిజం

తెర మీద 0.01 దాకా అంకె కనిపించినంత మాత్రాన కొలత 0.01 దాకా నిజం కాదు. పేరున్న కంపెనీలు కూడా తమ 150 మిల్లీమీటర్ల డిజిటల్ కాలిపర్లలో ప్లస్ ఆర్ మైనస్ 0.02 లోపు తేడా ఉండొచ్చని కాగితాల మీద రాసి ఇస్తాయి. ఊరూపేరూ లేని వస్తువుకు అలా రాసిచ్చే నాథుడే ఉండడు. వెర్నియరు మీద గీతలు 0.02 దాకా చదవగలం. మైక్రోమీటరు మరలో ఒక చుట్టు అర మిల్లీమీటరు, దాని చుట్టూ 50 గీతలు, కాబట్టి 0.01 దాకా చదవగలం.

ఇప్పుడు 6205 సీటు చూద్దాం. షాఫ్టు మీద బేరింగు గట్టిగా కూర్చోవడానికి మామూలుగా వాడే ఒక ఫిట్టు పేరు కె6. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు ఆ ఫిట్టు ప్రకారం సైజు 25.002కీ 25.015కీ మధ్య ఉండాలి. నీకు దొరికిన జాగా 0.013 మిల్లీమీటరు. వెర్నియరు కన్నుకు ఆ జాగా కనబడనే కనబడదు. అక్కడ మైక్రోమీటరే కావాలి. అదే పొలంలో గేటుకు వేసే పిన్నయితే అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గేటు తెరుచుకుంటుంది. దానికి స్టీలు స్కేలు చాలు.

పాతకాలపు మేస్త్రీలు పాటించే ఒక లెక్క ఉంది. పనిలో ఎంత తేడా ఒప్పుకుంటారో, దానికి పదో వంతు చూడగలిగే సాధనం ఉంటే నిశ్చింత. 0.2 తేడా ఒప్పుకునే జాబుకు 0.02 వెర్నియరు. 0.1 ఒప్పుకునే జాబుకు 0.01 మైక్రోమీటరు. బేరింగు సీటు లాంటి చోట ఆ పదో వంతు మనకు అందదు. అందుకే అక్కడ మంచి మైక్రోమీటరుతో పాటు మంచి చెయ్యి కూడా కావాలి.

అన్ని పనులకూ ఒకే కచ్చితత్వం పెట్టుకున్నవాడు అలిసిపోతాడు. ఏ పనికీ పెట్టుకోనివాడు పేరు పోగొట్టుకుంటాడు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలియడమే పనితనం.

ఏది ముందు, ఏది తర్వాత

మొదటి మెట్టు తక్కువ ఖర్చులో అయిపోయేది. 150, 300 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు స్కేళ్లు రెండు. గీతలు చెక్కినవై ఉండాలి. పైన అచ్చు వేసినవి నూనె తగిలి చెరిగిపోతాయి. క్రిస్టీల్ లాంటి దేశీ కంపెనీల స్కేళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఒక చిన్న మూలమట్టం. బయటి కొలతకు ఒకటి, లోపలి కొలతకు ఒకటి స్ప్రింగు కాలిపర్లు. మరల లెక్క చూసే త్రెడ్ గేజి. మన పాత ఆయిలింజన్ల మరలు చాలావరకు 55 డిగ్రీల విట్‌వర్త్ రకం. కొత్త పంపులవి 60 డిగ్రీల మెట్రిక్. రెండు రకాల ఆకులూ ఉన్న గేజే తీసుకో.

రెండో మెట్టు వెర్నియరు. 150 మిల్లీమీటర్లు, 0.02 రకం. డిజిటల్ కాకుండా గీతలదే కొను. బ్యాటరీ అయిపోవడం ఉండదు. కూలెంటు నీళ్లు పడినా తుడుచుకుంటే సరి. అన్నిటికన్నా ముఖ్యం, గీతలు చదవడం వచ్చిన కన్ను డిజిటల్ అబద్ధం చెబితే పట్టేస్తుంది. ముందే డిజిటల్‌కు అలవాటు పడిన కన్నుకు ఆ అనుమానమే రాదు. నాకు రాలేదు.

మూడో మెట్టు మైక్రోమీటరు, ఒక్కటంటే ఒక్కటి. ఏ సైజో నీ పుస్తకం చెబుతుంది. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. మిగతావాటిలో మిగిల్చుకున్నదంతా దీనిమీద పెట్టు.

నాలుగో మెట్టు అయస్కాంతపు స్టాండుతో డయల్ గేజి. నాలుగు దవడల చక్‌లో జాబు కేంద్రానికి తేవడానికి, వంగిన షాఫ్టు పట్టుకోవడానికి ఇది కావాలి. బేకర్ లాంటి మన దేశపు కంపెనీలు ఎన్నో ఏళ్లుగా డయల్ గేజీలు చేస్తున్నాయి. స్టాండు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. వణికే స్టాండు మీద ఎంత మంచి గేజి పెట్టినా సూది వణుకుతూనే ఉంటుంది.

కన్నాలు కొలవడానికి ఖరీదైన బోర్ గేజి జోలికి ఇప్పుడే పోకు. టెలిస్కోపిక్ గేజీల సెట్టు తీసుకో. దాన్ని కన్నంలో విప్పి, బిగించి, బయటికి తీసి మైక్రోమీటరుతో కొలుచుకోవచ్చు. హైట్ గేజి, స్లిప్ గేజీల పెట్టె, 75–100 మైక్రోమీటరు, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. నెలకొకసారి వచ్చే పనికి పక్క షెడ్డువాళ్లను అడుగు. తెచ్చినప్పుడు ఎలా ఉందో అంతకన్నా శుభ్రంగా తుడిచి తిరిగివ్వు. అలా ఇచ్చినవాడికి రెండోసారి అడిగే హక్కు దానంతటదే వస్తుంది.

పాతదైనా మంచిదే

కొత్త నాసి రకానికీ పాత మేలు రకానికీ ఒకే ధర పలికితే పాతదే తీసుకో. జపాన్ మిటుటోయో 1934లో మొదలైంది. అమెరికా స్టారెట్ 1880 నాటిది. ఇలాంటి కంపెనీల మైక్రోమీటర్లు సరిగా చూసుకుంటే ఒక మనిషి ఉద్యోగ జీవితం దాటి నడుస్తాయి. పని మానేసిన టర్నరు ఇంట్లో, మూసేసిన షెడ్డులో, విజయవాడ ఆటోనగర్, హైదరాబాదు బాలానగర్, సికింద్రాబాదు రాణీగంజ్ లాంటి చోట్ల వాకబు చేస్తే దొరుకుతాయి. పెద్దాయన దగ్గర కొంటే సాధనంతో పాటు దాని చరిత్ర కూడా తెలుస్తుంది. ఎప్పుడైనా కింద పడిందా అని మొహమాటపడకుండా అడుగు.

ఒక హెచ్చరిక. పేరున్న కంపెనీల ముద్ర వేసిన నకిలీలు బజార్లో ఉన్నాయి. కొత్త సరుకు, పెద్ద పేరు, నమ్మలేనంత తక్కువ ధర మూడూ ఒకచోట కలిస్తే చేతులు వెనక్కి తీసుకో. రసీదు ఇచ్చే దుకాణంలోనే కొను.

అప్పు చేసి మాత్రం కొనకు. నెల నెలా కంతు కట్టాల్సిన సాధనం నిన్ను తొందరపెడుతుంది. తొందరపడే చెయ్యి కొలవలేదు.

దుకాణంలో ఐదు నిమిషాలు

కొనే ముందు చూసే హక్కు నీకుంది. మెత్తని శుభ్రమైన గుడ్డ వెంట తీసుకెళ్లు.

వెర్నియరు దవడలు తుడిచి మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. దవడల మధ్య నుంచి వెలుగు గీత కనబడకూడదు. వెంట్రుకలో ఎన్నో వంతు సందైనా వెలుతురు చాడీ చెప్పేస్తుంది. సున్నా గీతలు రెండూ కలవాలి. కదిలే దవడను పైకీ కిందికీ ఊపి చూడు, ఆట ఉండకూడదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా వదులవకుండా నడవాలి. పూర్తిగా మూసినప్పుడు లోతు చూసే కడ్డీ అంచుతో సమంగా ఉండాలి.

మైక్రోమీటరు మొహాల మధ్య తెల్లకాగితం పెట్టి మెల్లగా మూసి లాగు, మురికి వచ్చేస్తుంది. తర్వాత రాట్చెట్ మూడుసార్లు టిక్కుమనే దాకా తిప్పు. 0–25 అయితే సున్నా రావాలి. 25–50 అయితే ప్రమాణ కడ్డీ పెట్టి చూడు. సున్నా కాస్త తప్పితే భయం లేదు, దాంతో వచ్చే చిన్న స్పానరుతో సరిచేయొచ్చు. తిప్పుతున్నప్పుడు ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులైతే మాత్రం మర అరిగిపోయినట్టే. అది వద్దు.

సున్నా కలిస్తే సరిపోదని నా కథ చెప్పింది కదా. నడిమి సైజులో కూడా పరీక్ష కావాలి. ప్రమాణాల పెట్టె కొనే స్తోమత మనకు లేదు. కానీ ప్రతి బేరింగు దుకాణంలోనూ తక్కువ ఖర్చులో ఒక ప్రమాణం దొరుకుతుంది. మంచి కంపెనీ 608 బేరింగు బయటి సైజు 22 మిల్లీమీటర్లు. మామూలు తరగతిలోనే దాని తేడా సున్నా నుంచి మైనస్ 0.009 లోపు ఉండాలి. 0–25 మైక్రోమీటరుతో దాన్ని కొలిస్తే 21.99, 22.00 మధ్యే రావాలి. 25–50కి 6203 బేరింగు తీసుకో. బయటి సైజు 40 మిల్లీమీటర్లు, తేడా మైనస్ 0.011 లోపు. 6205 అయితే లోపల 25, బయట 52, కాబట్టి వెర్నియరు రెండు రకాల దవడలనూ ఒకేసారి పరీక్షించొచ్చు. దాని వెడల్పు 15 అని రాసి ఉంటుంది కానీ వెడల్పులో తేడా ఎక్కువ ఒప్పుకుంటారు, దాన్ని ప్రమాణంగా తీసుకోకు.

కొత్త బేరింగు ఒకటి కొని, నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకో. దాన్ని ఏ యంత్రానికీ వాడకు. ప్రతి సోమవారం పొద్దున నీ సాధనాలు దానికి లెక్క అప్పజెప్పాలి. ఎప్పుడైనా అనుమానం పెద్దదైతే, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలు క్యాలిబ్రేషన్ చేసి పత్రం ఇస్తాయి. ఇలాంటి విద్యలో మన తెలుగునేల వెనకబడి లేదు. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి హైదరాబాదు బాలానగర్‌లోనే ఉంది.

పనిముట్టు కన్నా ముందు చెయ్యి

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. మన డెల్టా పచ్చదనానికి మూలం అదే. ఆ పని సాగుతుండగానే, 1848లో, ఫ్రాన్స్‌లో జాన్ లారెంట్ పాల్మర్ అనే పనివాడు మర మైక్రోమీటరుకు పేటెంటు తీసుకున్నాడు. అది కర్ఖానాల్లో మామూలు వస్తువు కావడానికి మరో రెండు మూడు దశాబ్దాలు పట్టింది. అంటే ఆ కాలపు ఆవిరి యంత్రాలు, మరలు, ఇరుసులు చాలావరకు స్కేలు, స్ప్రింగు కాలిపరు, వేళ్ల స్పర్శ మీద తయారైనవే. పనివాడు కాలిపరును జాబు మీదుగా జార్చి, అది తన బరువుతో తాను జారుతోందా, ఎక్కడైనా తడుతోందా అని వేళ్లతో వినేవాడు.

ఆ చెవి నీ వేళ్లకూ రావాలి. దానికి రూపాయి ఖర్చులేని సాధన ఒకటుంది. ఒక కడ్డీ తీసుకుని, దానిమీద ఒకచోట గుర్తుపెట్టి, అక్కడే పదిసార్లు కొలువు. ప్రతిసారీ మైక్రోమీటరు పూర్తిగా విప్పి, మళ్లీ మూసి, కాగితం మీద రాయి. పదింటిలో పెద్దదానికీ చిన్నదానికీ ఎంత తేడా వచ్చింది? అదే నీ చేతి తేడా. మొదటి రోజు 0.03 రావచ్చు. నెల తర్వాత 0.01లోకి దిగుతుంది. సాధనం మారలేదు, నువ్వు మారావు.

రెండో సాధన ఇంకా కష్టం. నువ్వు కొలిచిన అంకె చెప్పకుండా పక్కనున్నవాణ్ని కొలవమను. ఇద్దరి అంకెలూ తర్వాత పోల్చుకోండి. ఈ సాధన ఎందుకంటే, రావాల్సిన సైజు ముందే తెలిసిన మనసు చేతిని కొద్దిగా అటు నెడుతుంది. ఇంకో రవ్వ బిగిస్తే 25.01 వస్తుందంటే, తెలియకుండానే ఆ రవ్వ బిగించేస్తాం. అందుకే రాట్చెట్ ఉన్నది. కావాల్సిన అంకెను పక్కనపెట్టి కనిపించిన అంకెను రాయడం అలవాటైనవాడు, బయట మాటల్లోనూ డబ్బు లెక్కల్లోనూ అంతే నిక్కచ్చిగా ఉంటాడు. ఈ పని మనకు ఇచ్చే పెద్ద జీతం అదే.

వెర్నియరుతో కొలిచేటప్పుడు జాబును దవడల కొసన పట్టకు, స్కేలుకు దగ్గరగా లోపలికి పట్టు. కొసన పడితే దవడ రవ్వంత వాలి తప్పు చూపిస్తుంది. తిరుగుతున్న జాబును ఎప్పుడూ కొలవకు. యంత్రం ఆపి, జాబు అంచున లేచిన బరకను తుడిచి, అప్పుడు కొలువు. రెండు నిమిషాలు పోతాయి. వేళ్లు మిగులుతాయి.

వేడి, తేమ, ఉప్పుగాలి

ప్రపంచమంతా కొలతలకు ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మన షెడ్డు రేకుల కింద 40 డిగ్రీలు. 100 మిల్లీమీటర్ల ఉక్కు ఈ 20 డిగ్రీల తేడాకు సుమారు 0.023 మిల్లీమీటరు పెరుగుతుంది. జాబూ ఉక్కే, సాధనమూ ఉక్కే అయి రెండూ ఒకే వేడిలో ఉంటే పెరుగుదల రెండింటికీ సమానం, ఇబ్బంది లేదు. అల్యూమినియం పిస్టను అయితే దాదాపు రెట్టింపు పెరుగుతుంది. అక్కడ నీ అంకె తప్పుతుంది. కటింగు అయిన వెంటనే చెయ్యి కాలే జాబును కొలిచి సరిపోయిందనుకుంటే, చల్లారాక చిన్నదైపోతుంది. ఆఖరి కటింగుకు ముందు జాబును చల్లారనివ్వు. సాధనాన్ని కూడా ఎండలోనో జేబులోనో పెట్టకు.

సముద్రం మనకు దగ్గర. వానాకాలం గాలిలోనే తుప్పు ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు చెమట మరకలు తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పల్చగా రాయి. ఇంటినిండా ఉంది కదా అని కొబ్బరినూనె రాయకు, కొన్నాళ్లకు జిగురుగా మారి మర బిగుసుకుంటుంది. మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు పెట్టెలో వేయి. మైక్రోమీటరు మొహాలు ఒకదానికొకటి తగలకుండా కొంచెం తెరిచి ఉంచు. వెర్నియరును సుత్తులు, స్పానర్లతో కలిపి ఒకే డబ్బాలో పడేయకు. దాంతో గీతలు గీయకు. పేదవాడి సాధనం ఎక్కువ కాలం నడవాలి, కాబట్టి పేదవాడే దాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

తప్పు చెప్పగలిగినవాడే మేస్త్రీ

అంగుళం 25.4 మిల్లీమీటర్లు. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతికి మారింది. అయినా మన పాత ఇంజన్లు అంగుళాల్లోనే ఉన్నాయి, పెద్ద మేస్త్రీల మాట అంగుళంలో భాగాలైన నూళ్లలోనే నడుస్తోంది. 'ఒక అంగుళం షాఫ్టు' అని రైతు చెప్పింది విని 25 అనుకుంటే 0.4 తేడా వస్తుంది. అర్థం కాకపోతే అడుగు. అడగడానికి సిగ్గుపడి పాడు చేసిన ఇనుము ఖరీదు, అడిగినప్పుడు పడే చిన్నతనం కన్నా ఎప్పుడూ ఎక్కువే.

ఇక కొలత తప్పినప్పుడు 'ఆడలేక మద్దెల ఓడు' అన్నట్టు సాధనాన్ని తిట్టకు. దాన్ని పరీక్షించకుండా నమ్మింది నువ్వే. ఆ రోజు మేస్త్రీగారు నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు చెరువుగట్టుకు వెళ్లారు. "మావాడి కొలత తప్పిందండి. డబ్బులక్కర్లేదు, షాఫ్టు మళ్లీ చేసిస్తాం" అని నా ముందే చెప్పారు. రైతు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన చెరువుల ఎయిరేటర్లన్నీ మా షెడ్డుకే వచ్చాయి. కచ్చితమైన కొలత ఎంత నమ్మకం తెస్తుందో, తప్పిన కొలతను ఒప్పుకోవడం కూడా అంతే నమ్మకం తెస్తుందని అప్పుడు తెలిసింది.

కాబట్టి తమ్ముడూ, చెల్లెమ్మా, రేపు పొద్దున షెడ్డు తలుపు తీశాక నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీలో తేదీ వెయ్యి. మొదటి జాబు పేరు రాయి, సైజు రాయి, ఎంత కచ్చితంగా కావాలో మేస్త్రీగారిని అడిగి రాయి. నెలాఖరుకు జీతం చేతికొచ్చినప్పుడు ఏం కొనాలో ఆ పేజీలే చెబుతాయి. అవి చెప్పింది ఒక్కటే కొను. కొన్నదాన్ని సోమవారం సోమవారం పరీక్షించు. నీ కొలత మీద ఆధారపడి ఎవరో ఒక రైతు ఈ రాత్రి చెరువుగట్టున నిశ్చింతగా నిద్రపోతాడు. ఆ నిద్రకు పూచీ నీదే.